రెండు పేటలా, రెండు మడతలా?

చీరల కొట్లలో ఒకప్పుడు ‘రంగు పోదు, గ్యారంటీ’ అని చెప్పి అమ్మేవాళ్లు. ఇప్పుడు ఆ స్థానంలో ‘టూ ప్లై’ వచ్చి కూర్చుంది. నెల్లూరు ట్రంకురోడ్డులో కావచ్చు, చిన్నబజారులో కావచ్చు, నేత చీర చూపించమంటే చాలు, ఆ మాట రెండు మూడుసార్లు వినపడుతుంది. వాట్సాప్‌లో చీరలమ్మే ఆడవాళ్లు కూడా ఫొటో కింద అదే రాస్తున్నారు. అంటే ఏమిటని అడిగి చూడండి. ఒకరు డబుల్ నేత అంటారు, ఒకరు మందం అంటారు, ఇంకొకరు మెషీన్ మీద నేసింది కాదని దానర్థం అంటారు. మూడూ తప్పే. రెండు దారాలు కలిపి పేనిన నూలు, అంటే రెండు పేటల నూలు అని దానర్థం. అలా చెప్పినందుకు వాళ్లమీద నాకు కోపమేమీ లేదు. ఆ మాట వాళ్లకు పైనుంచి వచ్చింది, వాళ్లు కిందికి పంపుతున్నారు, అంతే.

నేను అనేది ఒక్కటే. ప్లై ఎన్నో చెప్పి చీరకు ధర పెట్టడం ఆపాలి. చెప్పదలుచుకుంటే నూలు నంబరూ (దారం ఎంత సన్నమో చెప్పే అంకె) పేటలూ రెండూ కలిపి, ఏ అంకె దేన్ని భాగిస్తుందో తెలిసేటట్టు, తెలుగులో చీటీ మీద రాయాలి. ఇది చాదస్తంగా కనబడుతుందని తెలుసు. నాలుగైదు వేలు పెట్టి కొనే వస్తువు విషయంలో ఈమాత్రం చాదస్తం ఉండొచ్చనే నా ఉద్దేశం.

కొట్లో జరిగింది

బంధువుల ఇంట్లో పెళ్లికి పెట్టుబడి చీరలు కావాల్సి వచ్చి మా మేనత్తను వెంటబెట్టుకుని వెళ్లాను. అత్తది కోవూరు మండలం పాటూరు. కాపురానికి వెళ్లిన దగ్గర్నుంచీ మగ్గం గుంట పక్కనే బతుకు. చూపు ఆనక నేత మానేసింది గానీ, ఇప్పటికీ చీర చేతికిస్తే అంచు, బుటా చూడదు. తిరగేసి వెనకవైపు చూస్తుంది.

సేల్స్ అబ్బాయి రెండు చీరలు పక్కపక్కన పరిచాడు. “ఇది హండ్రెడ్ కౌంటమ్మా. ఇదేమో వన్ ట్వంటీ, అందులోనూ టూ ప్లై. నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నం. టూ ప్లై కాబట్టి డబుల్ స్ట్రాంగు. అందుకే ఎనిమిది వందలు ఎక్కువ” అన్నాడు.

అత్త రెండు చీరలూ కొంగు దగ్గర వేళ్లతో నలిపి చూసింది. “సన్నంగానూ ఉండి మందంగానూ ఉంటదా? అదెట్టబ్బయ్యా?”

“క్వాలిటీ పెద్దమ్మా” అన్నాడు ఆ పిల్లాడు. అంతకుమించి వాడికి ఎవరూ చెప్పి ఉండరు.

అత్త కొంగు చివర వదులుగా వేలాడుతున్న దారం ఒకటి తెంపి, రెండు చివర్లూ పట్టుకుని, పురి తిరిగినవైపుకు ఎదురుగా తిప్పింది. దారం రెండు పాయలుగా విడిపోయింది. “రెండు పేటలే. అబద్ధం కాదు” అంది. తర్వాత హండ్రెడ్ అన్న చీర దారం తీసి తిప్పింది. అది పాయలుగా విడలేదు. వదులై, పీచుగా మారి, ఊడి చేతికొచ్చింది. “ఇది ఒంటిపేట. నూలు సన్నం ఇదే” అంది. సన్నదని చెప్పి ఎక్కువ ధర పెట్టిన చీరలో నూలు నిజానికి ముతకది. మేం ఒంటిపేట చీరలు తీసుకున్నాం. అబ్బాయి ఏమీ అనుకోలేదు, రెండూ వాడు అమ్మే చీరలే కదా.

ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు. భూతద్దం అక్కర్లేదు, కావాలంటే ఫోన్ కెమెరాలో దగ్గరికి లాక్కుని చూసుకోవచ్చు. కొత్త నేత చీరలకు కొంగు చివర దారాలు ముడివేయకుండా వదిలే ఉంటాయి. ఒక్క పోగు తెంపితే చీరకు ఏమీ కాదు, కొట్టువాడు మొహం చిట్లిస్తాడేమో గానీ. ఒకటే లోటు. పేటలెన్నో ఈ పరీక్ష చెబుతుంది గానీ, నంబరు ఎంతో చెప్పదు. దానికి అత్త వేళ్లు కావాలి, లేదా తూకం కావాలి.

నంబరు లెక్క

నేత ఇళ్లలో పుట్టినవాళ్లు ఈ భాగం దాటేసుకోవచ్చు.

పత్తి నూలుకు మనం ఇప్పటికీ ఇంగ్లీషువాళ్ల కాలపు కొలతే వాడుతున్నాం. 840 గజాల నూలు ఒక చిలప. ఒక పౌనుకు, అంటే 453 గ్రాముల చిల్లరకు, ఎన్ని చిలపలు తూగితే అది ఆ నూలు నంబరు. నూరు చిలపలు తూగితే 100 నంబరు. మొత్తం 84,000 గజాలు, దాదాపు 77 కిలోమీటర్లు. అరకిలో కూడా లేని ఆ నూలు కొస నెల్లూరులో కట్టి హైవే మీద ఉత్తరంగా పరుచుకుంటూ పోతే కావలి దాటిపోతుంది. అదే 60 నంబరైతే 46 కిలోమీటర్లకే అయిపోతుంది, కావలి అందదు. అంత తేడా.

ఇప్పుడు 2/120 సంగతి, అంటే కొట్లో అబ్బాయి ‘వన్ ట్వంటీ, టూ ప్లై’ అన్నది. 120 నంబరు దారాలు రెండింటిని కలిపి పేనితే వచ్చేది అది. రెండు కలిశాయి కాబట్టి అంతే పొడవుకు బరువు రెండింతలు. కనుక 120ని రెండుతో భాగించాలి. అంటే 60. పేనేటప్పుడు పొడవు కొంచెం కుంచించుకుపోతుంది, కాబట్టి నిజానికి 60 కంటే ఒక పిసరు ముతకే. 100 నంబరు ఒంటిపేట నూలు గ్రాముకు 169 మీటర్లు వస్తే, 2/120 సుమారు 100 మీటర్లు వస్తుంది. గీతకు ఇటున్న అంకె అటున్న అంకెను భాగించాలన్నదే ఇందులో మొత్తం కిటుకు. కొట్టు దాకా వచ్చేసరికి ఆ గీత మాయమైపోతుంది. 120 సన్నదనం గురించి గొప్పలు చెప్పుకుంటుంది, 2 బలం గురించి చెప్పుకుంటుంది. ఒకే దారానికి రెండు గొప్పలు.

అలాగని 2/120 నాసి నూలని అనడం లేదు. పోల్చాల్సింది 60 నంబరు ఒంటిపేటతో. ఆ పోలికలో రెండు పేటలదే పైచేయి. ఏ దారమైనా పొడుగునా ఒకే లావు ఉండదు, అక్కడక్కడ సన్నబడుతుంది. రెండు పేటలు కలిస్తే ఒకదాని బలహీనత దగ్గర రెండోది కాస్తుంది. పీచు పైకి లేవడం తగ్గుతుంది, దారం నున్నగా ఉంటుంది, లాగితే ఆగుతుంది. అదీగాక 120 నంబరు వడకాలంటే పొడుగు పీచున్న మంచి పత్తి కావాలి, వడికాక మళ్లీ పేనే పని ఇంకొకటి. కనుక ధర ఎక్కువ ఉండటం న్యాయమే కావచ్చు. చెప్పిన కారణం మాత్రం న్యాయం కాదు.

వెంకటగిరి ఇప్పుడు కాగితం మీద తిరుపతి జిల్లాలో ఉంది గానీ నెల్లూరోళ్ల నోటికి ఇంకా అది మా వెంకటగిరే. ఆ చీర ఒంటిమీద ఉన్నట్టే తెలియదని పెద్దవాళ్లు చెప్పుకునే మెత్తదనం 100 నంబరు సన్ననూలుది. అక్కడ ఎవరూ పేటల సంఖ్య చెప్పి పేరు తెచ్చుకోలేదు. ప్లై అంటేనే గొప్ప అనుకుంటే ఆ చీరల్ని ఏ లెక్కలో వేయాలి?

ఒకే మాటలో మడతా, పేటా

ఈ గలాటాలో సగం ఆ ఇంగ్లీషు మాటదే. మా వీధిలో వడ్రంగికి ప్లై అంటే పలక. ‘19 ఎంఎం ప్లై’ అంటే అలమర తలుపుకు వేసేది. అందులో చెక్కపొరలు ఉంటాయని, ఒక పొర నార నిలువుగా ఉంటే పక్క పొరది అడ్డంగా ఉంటుందని, అందుకే పలక వంకర పోదని ఆయనకు తెలుసు. కానీ ఆయన నోట్లో ఆ మాట పొరను కాదు, మొత్తం పలకను పట్టుకుంది. టిష్యూ పేపరు ప్యాకెట్ మీద టూ ప్లై అంటే అచ్చంగా రెండు పొరలు, గోటితో గీరితే విడిగా వస్తాయి. పదో తరగతి పిల్లల నోట్సులో మాత్రం ప్లై అంటే ‘ఓడలు, బస్సులు తిరుగుట’. ఆత్మకూరు బస్సు కూడా ప్లై అవుతుందన్నమాట. అదీ తప్పు కాదు. అది అప్లై అనే మాట తల తెగి మిగిలిన ముక్క.

అన్నింటికీ మూలం లాటిన్‌లో మడవడం అనే క్రియ, ప్లికారె. డూప్లికేట్, మల్టిప్లై, కాంప్లికేటెడ్ కూడా దాని పిల్లలే. మడిస్తే పొర వస్తుంది, పొర మీద పొర వేస్తే వరసలు వస్తాయి. ఆ వరస తోవనే నూలు పేట కూడా ప్లై అయింది. ఇంగ్లీషువాళ్లకు ఇబ్బంది లేదు, వాళ్ల దగ్గర మడతకూ పొరకూ పురికీ విడివిడిగా వేరే మాటలు కూడా ఉన్నాయి, సందర్భాన్ని బట్టి సర్దుకుంటారు. మనం అందులోంచి ఒక్కటే తెచ్చుకున్నాం. టిష్యూ పేపరు దగ్గర నేర్చుకున్న అర్థాన్ని చీర మీద వేసుకుని, రెండు పొరల బట్ట అనుకుంటున్నాం. పేపర్లలో ఇప్పటికీ ‘ముప్పేట దాడి’ అని హెడ్డింగులు పెడతారు, మెడలో గొలుసుకు రెండు పేటలా మూడు పేటలా అని అడుగుతాం. చీర దగ్గరికొచ్చేసరికి ఆ మాట ఎవరికీ గుర్తుకు రాకపోవడం నాకు వింతగా ఉంటుంది.

లారీ టైర్లది ఇంకో కథ. మాకు తెలిసిన ఒకాయన లారీ తిప్పుతాడు, ఆయన చెబితే తెలిసింది. టైరు మీద 16 పి.ఆర్. అని అచ్చేసి ఉంటుంది. పి.ఆర్. అంటే ప్లై రేటింగు. ఒకప్పుడు టైరు లోపల నూలు పోగుల పొరలు ఎన్ని వేశారో అదే ఆ అంకె. నైలాను, ఆ తర్వాత స్టీలు వచ్చాక అంత బలానికి అన్ని పొరలు అక్కర్లేకపోయాయి. అంకె మాత్రం ఉండిపోయింది. 16 పి.ఆర్. అంటే ఇప్పుడు పదహారు పొరలు ఉన్నాయని కాదు, పాతకాలపు పదహారు పొరల టైరుకు ఉన్నంత బలం ఉందని. స్టీలు రేడియల్ టైరు ఒంట్లో ఒకే ఒక్క పొర ఉండొచ్చు. “మరి మోసం కాదా అన్నా?” అని అడిగాను. ఆయన నవ్వి, “ఎన్ని కిలోల లోడు మోస్తదో పక్కనే రాసుంటదమ్మా. మేం చూసేది అది” అన్నాడు.

నాకు కావాల్సింది అదే. ప్లై అని రాసుకోండి, ఎవరు వద్దన్నారు? పక్కన కిలోల్లాంటి అంకె ఒకటి రాయండి.

పురి ఎంత?

నూలు బలమంతా పురిలో ఉంది. పత్తి పీచు పొడవు అంగుళమో, అంగుళమున్నరో. అంత పొట్టి పీచులు వేల మీటర్ల దారంగా ఎలా నిలుస్తాయంటే, మెలితిప్పినప్పుడు ఒకదాన్నొకటి ఒరుసుకుని పట్టుకుంటాయి కాబట్టి. జిగురు లేదు, ముడి లేదు. సన్ననూలుకు పురి ఎక్కువ కావాలి. నూలు నంబరుకు వర్గమూలం కట్టి, పడుగు (మగ్గం మీద నిలువు పోగులు) నూలైతే దాన్ని సుమారు నాలుగుతో గుణిస్తే అంగుళానికి ఎన్ని చుట్లో వస్తుంది. 100కు వర్గమూలం 10, కాబట్టి అంగుళానికి 40 చుట్లు. 64 నంబరుకైతే 32. మా అత్తకు ఈ వర్గమూలాలేవీ తెలియవు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దారాన్ని దొర్లించి, “ఇది పడుగుకు పనికిరాదు, పేకకు వాడుకోండి” అనేది. పేకకు, అంటే అడ్డం పోగులకు, తక్కువ పురి ఉన్న మెత్తని నూలు సరిపోతుంది, మగ్గం మీద దానికి లాగుడు తక్కువ.

రెండు పేటలు పేనేటప్పుడు ఇంకో మెలిక ఉంది. విడి దారాలు ఏ దిక్కుకు వడికారో, వాటిని కలిపి పేనేది దానికి ఎదురు దిక్కుకు. మా నాన్న గోగునార తాడు పేనుతుంటే కొస పట్టుకుని కూర్చున్న రోజుల్లో ఇది చూశాను, అర్థం మాత్రం తర్వాతెప్పుడో తెలిసింది. ప్రతి పేటా తన పురి విప్పుకోవాలని చూస్తుంది. అది విప్పుకోబోయే దిక్కే తాడు బిగిసే దిక్కు. రెండు పేటలూ ఒకదాన్నొకటి విప్పుకోనివ్వవు. ఒకే దిక్కుకు తిప్పితే మెలికలు పడి, వదలగానే చుట్టలు చుట్టుకుంటుంది.

మరి పురి ఎక్కువైతే మంచిదా అంటే, అదీ కాదు. ఒక హద్దు దాకా పురి పెంచితే బలం పెరుగుతుంది, దాటితే తగ్గుతుంది. బట్ట గరుకవుతుంది. జార్జెట్, క్రేప్ బట్టలకు కావాలనే హద్దు మీరి పురి వేస్తారు, ఆ ముడుతల ముడుతల పొడి స్పర్శ అందుకే. రోజూ కట్టుకునే పత్తి చీరకు అది అక్కర్లేదు.

పురి లెక్క కూడా చీటీ మీద ఉండాలా అని చాలా ఆలోచించాను. వద్దనే అనిపిస్తోంది. అంగుళానికి 40 అని చదివి కొనేవాళ్లు చేసేదేమీ లేదు. అది కూడా రాయిస్తే రేపు ‘ఫిఫ్టీ ట్విస్ట్’ అని ఇంకో గొప్ప మొదలవుతుంది. నంబరు, పేటలు చాలు.

నేసేవాళ్లు ఏమన్నారు

ఈ వాదనంతా పాటూరులో అత్త కొడుకు ముందు పెట్టాను. నాకు బావ. మాస్టర్ వీవర్ దగ్గర నూలు తీసుకుని నేసిస్తాడు. మొత్తం విని, “రెండు పేటల నూలైతే పడుగుకు గంజి పెట్టే పని తప్పుద్ది. మా ఒళ్లు చూసుకుని తీసుకుంటాం గానీ, మీ చీర చూసుకుని కాదు” అన్నాడు.

దీనికి నా దగ్గర జవాబు లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. ఒంటిపేట పడుగంటే తెల్లవారుజామున వీధి పొడుగునా చాచి, గంజి పట్టించి, ఆరేలోపు కుంచెతో దువ్వుకుంటూ పోవాలి. ఇంటిల్లిపాదీ కావాలి, పక్కింటివాళ్లూ చెయ్యి వేయాలి, వీధిలో బళ్లు ఆగాలి, మబ్బు పట్టకూడదు. నా చిన్నప్పుడు సెలవులకు అత్తగారింటికి వెళితే పొద్దున్నే ఆ గంజి వాసనకే మెలకువ వచ్చేది. ఇప్పుడు ఆ పనికి మనుషులు దొరకరు. గంజి లేకపోతే ఒంటిపేట పోగులు పన్నెలో (పడుగు పోగులు దూరి వచ్చే దువ్వెన లాంటి చట్రంలో) ఒరుసుకుని, పీచు లేచి, పదే పదే తెగుతాయి. రెండు పేటలైతే చాలామటుకు అలాగే మగ్గమెక్కించవచ్చు. మనం క్వాలిటీ అనుకుంటున్నది అవతలివైపు నుంచి చూస్తే మనుషుల కొరత. ఇది తెలిశాక సేల్స్ అబ్బాయి మాట నాకు ఇంకోలా వినిపించింది.

బావ రెండో అభ్యంతరం గట్టిది. “అరవై అని రాస్తే ముతకంటారు, ఎవరూ కొనరు. నూటిరవై అంటేనే చెయ్యి పెడతారు. నష్టపోయేది కొట్టోడు కాదు, మేమే.” ఇది నిజంగా జరగొచ్చు. నిజం రాసినవాడి చీర మిగిలిపోయి, గీత చెరిపేసినవాడిది అమ్ముడైపోయే రోజులు కొన్ని ఉంటాయి. నేను చెప్పగలిగింది ఒక్కటే. చీటీ మీద ఉత్త 60 రాయమనడం లేదు, ‘120 నూలు, రెండు పేటలు, 60 ఒంటిపేట లావు’ అని పూర్తిగా రాయమంటున్నాను. రోజూ బస్సెక్కి బడికీ ఆఫీసుకూ పోయే ఆడవాళ్లు, వారానికోసారి ఉతికి ఆరేసే చీరకు గట్టి నూలే కావాలంటారు. వాళ్లకు సన్నదని చెప్పి అమ్మాల్సిన పనేముంది? గట్టిదని చెప్పే అమ్మొచ్చు. సన్నదనం ఒక్కటే గొప్ప అని మనకు మనమే అలవాటు చేసుకున్నాం.

ఇంకొకరు నన్ను వేరే దిక్కునుంచి పట్టుకున్నారు. చేతిమగ్గమా మరమగ్గమా అన్న అసలు ప్రశ్న వదిలేసి ఈ నూలు గోల ఏమిటని. నిజమే, నూలు చీటీ ఆ ప్రశ్నకు జవాబు చెప్పదు. రెండు మగ్గాలకూ నూలు మిల్లుల నుంచే వస్తుంది. ఆ జవాబు కోసం 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్క్ ఉంది, కొన్ని రకాలు చేతిమగ్గం మీదే నేయాలన్న 1985 చట్టమూ ఉంది. అవి ఎంత అమలవుతున్నాయన్నది వేరే పోస్టు రాయాల్సిన సంగతి. అయితే ఆ ముద్ర కూడా ఎలా నేశారో చెబుతుంది తప్ప దేనితో నేశారో చెప్పదు.

నాకు ఎక్కువ గుచ్చుకునేది ఇక్కడే. వడకడం, పేనడం, పురి వేయడం ఎప్పుడో ఊళ్లలోంచి వెళ్లిపోయాయి. మిల్లు ఏ పురి వేసి పంపితే అదే. అంటే చీరలో పాటూరు చెయ్యి తగలని భాగం ఏదైనా ఉంటే, అది ఈ ప్లై. దానికి ఎనిమిది వందలు ఎక్కువిమ్మంటే మారుమాట్లాడకుండా ఇస్తున్నాం. నేత దగ్గరకొచ్చేసరికి, ‘ఇంతేసి చెబితే ఎట్టా, ఏదైనా తగ్గించి చెప్పండి’ అని గంటసేపు బేరమాడుతున్నాం. ఆ ఎనిమిది వందల్లో నేతకూలికి ఎంత చేరిందని బావను అడిగాను. నవ్వి ఊరుకున్నాడు.

నలగదన్నది

టూ ప్లై అయితే నలగదు, మడత పడదు అని కూడా చెబుతున్నారు. ఇది కొంచెమే నిజం. పత్తి నలగడం ఆ పీచు స్వభావం. తడి, ఒత్తిడి తగిలినప్పుడు పీచు లోపలి బంధాలు వదులై, వంగిన చోటే మళ్లీ బిగుసుకుంటాయి. ఇస్త్రీకి నీళ్లు చిలకరించేది వాటిని మళ్లీ వదులు చేయడానికే. గట్టి పురి ఉన్న దారం కాస్త తక్కువ నలుగుతుంది, అంతవరకే. గంజి పెట్టి బిర్రుగా మడిచి ఏడాదిపాటు బీరువాలో అదే మడత మీద వదిలేస్తే, ఎన్ని పేటలైనా ఆ గీత వెంబడి దెబ్బ తింటుంది, జరీ అయితే ముందు విరుగుతుంది. గంజి లేకుండా దాచి, అప్పుడప్పుడూ మడత మార్చడం మన అమ్మమ్మలకు తెలిసిన పనే.

చీటీ

కష్టమైన పనేమీ అడగడం లేదు. మిల్లునుంచి వచ్చే నూలు కట్ట మీద 2/120 అని, 100 అని చీటీ ఉండనే ఉంటుంది. మాస్టర్ వీవర్‌కు తెలుసు, నేసేవాళ్లకు తెలుసు, సహకార సంఘం స్టాకు పుస్తకంలో ఉంటుంది. కట్ట విప్పగానే ఆ చీటీ చెత్తలోకి పోతుంది. అందులో ఉన్నదాన్ని చీర దాకా మోసుకురావడమే పని. పడుగు ఏ నూలు, పేక ఏ నూలు, ఒక్కోదానికి ఎన్ని పేటలు. రెండు లైన్లు.

చిక్కు ఎక్కడొస్తుందంటే సీకో చీరల దగ్గర. పడుగు పట్టు, పేక పత్తి. పట్టుకు కొలత డెనియరు, 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందో అది. అక్కడ అంకె పెరిగేకొద్దీ దారం లావు, పత్తికి సరిగ్గా తిరగేసి. పైగా పట్టు మీద 20/22 అని ఉంటే ఆ గీత భాగించమని కాదు, 20కీ 22కీ మధ్య ఉంటుందని. ఒకే చీటీ మీద ఒక గీత భాగహారానికి, ఇంకో గీత ‘నుంచి-దాకా’కు. ఈ సంగతి చెబితే బావ, “ఇంక రాసినట్టే” అన్నాడు. నాకు తోచింది ఇది: పట్టు లైనులో గీత తీసేసి ‘20 నుంచి 22 డెనియరు’ అనీ, పత్తి లైనులో గీత తీసేసి ‘120, రెండు పేటలు’ అనీ అక్షరాల్లో రాయడం. ఇంతకంటే తేలిక దారి ఏదైనా నేతపని తెలిసినవాళ్లకు తడితే చెప్పండి, పాటూరు సంఘంలో తెలిసినవాళ్లను కలిసి ముందు పత్తి చీరల వరకైనా అడగాలనుకుంటున్నాను.